ఇంటి జట్టా, ఇష్టపడిన జట్టా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలాభాగం అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలనుంచి వచ్చినవి; వాటిలో అధికం కాలేజీ ఆటల గురించినవి. ఇంట్లో ఒక జట్టు, కాలేజీలో ఇంకొక జట్టు అయినప్పుడు మనిషి ఎటు నిలబడాలన్నదే వాటన్నిటి సారాంశం. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: నేను 1998లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చదవడానికి వచ్చి కొలంబస్‌లోనే ఉండిపోయాను. మా అమ్మాయికి ఊహ తెలిసినప్పటినుంచి అమెరికన్ ఫుట్‌బాల్ సీజనులో ప్రతి శనివారమూ ఇంటిల్లిపాదీ ఎర్ర చొక్కాలు వేసుకుని కలిసి మ్యాచ్ చూసేవాళ్ళం. అమ్మాయి ఇప్పుడు మిషిగన్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదువుతోంది. మంచి చదువని నేనే పంపాను. అయితే రెండు జట్ల మ్యాచ్ రోజున తను పసుపు, నీలం రంగుల చొక్కా వేసుకుని, స్నేహితులతో కలిసి కేకలు వేస్తున్న ఫొటో పంపినప్పుడు నా మనసు చివుక్కుమంది. ఇంత చిన్న విషయానికి బాధేమిటని నా భార్య అంటోంది. నాది తప్పంటారా?
– ఒక తండ్రి, కొలంబస్, ఒహాయో

జవాబు: తప్పు కాదు, చిన్న విషయమూ కాదు. మీరు కొలంబస్‌లో అడుగుపెట్టేనాటికి ఆ ఊళ్ళో మీకు తాతల ఇల్లు లేదు, చిన్ననాటి బడి లేదు, వీధిలో పేరుపెట్టి పిలిచే బంధువు లేడు. 1922లో కట్టిన ఆ గుర్రపునాడా ఆకారపు స్టేడియంలో, లక్షమందికి పైగా జనం మధ్య, పక్క సీటులోని ముక్కూమొహం తెలియని మనిషి టచ్‌డౌన్ పడగానే మీ భుజం పట్టుకుని ఊపేసిన రోజున ఆ ఊరు మీది అయి ఉంటుంది. వలస వచ్చిన మనిషికి ఒక ఊరిని ‘మాది’ అనుకునే చనువును అంత తొందరగా ఇచ్చేది మరొకటి నాకు కనిపించలేదు. ఆ చనువునే మీరు మీ అమ్మాయికి ఆస్తిగా ఇచ్చారు. దాన్ని ఆమె పక్కన పెట్టేసిందని అనిపించినందుకే మీకు ఆ నొప్పి.

పైగా ఇది మామూలు పోటీ కాదు. టొలీడో ఊరు ఎవరిదన్న సరిహద్దు తగాదాలో 1835లోనే రెండు ప్రాంతాలవారూ ఎదురెదురుగా సాయుధ దళాలను నిలబెట్టుకున్నారు. ఫుట్‌బాల్‌లో మొదటిసారి తలపడింది 1897లో. 1918 నుంచి, కోవిడ్ కారణంగా రద్దయిన 2020ని మినహాయిస్తే, ఏటా ఆడుతూనే ఉన్నారు. మ్యాచ్ జరిగే వారంలో ఒహాయో స్టేట్ ఆవరణలోని బోర్డుల మీద ఎం అక్షరం కనిపించిన ప్రతిచోటా ఎర్రటి టేపుతో కొట్టివేత గీతలు అతికిస్తారు. మిషిగన్‌ను ఓడించిన ఏడాది ఆటగాళ్ళకు చిన్న బంగారు ప్యాంటు ఆకారపు లాకెట్లు ఇచ్చే ఆనవాయితీ 1930ల నుంచి ఉంది. ఇంతటి పంతం మధ్య పాతికేళ్ళు బతికిన మనిషిని, ఒక్క ఫొటో చూసి నవ్వి ఊరుకోమంటే ఎలా ఊరుకుంటాడు?

అయితే ఇదే పంతం చరిత్రలో మీకు ఊరటనిచ్చే ఒక మనిషి ఉన్నారు. మిషిగన్ వాళ్ళు దేవుడిలా కొలిచే కోచ్ బో షెంబెక్లర్ పుట్టింది ఒహాయోలోని బార్బర్టన్‌లో. ఒహాయోలోనే ఉన్న మయామి యూనివర్సిటీలో ఆయన ఆటగాడిగా ఉన్నప్పుడు కోచ్ వుడీ హేస్. తర్వాత ఒహాయో స్టేట్‌లో మాస్టర్స్ డిగ్రీ తీసుకుని, అక్కడే అదే హేస్ దగ్గర సహాయకుడిగా పనిచేశారు. అలా ఎర్రచొక్కాల ఇంట్లోనే పెరిగిన ఆ శిష్యుడు 1969లో మిషిగన్ కోచ్‌గా వెళ్ళి, అప్పటికి వరుసగా 22 మ్యాచ్‌లు గెలిచి ఉన్న గురువుగారి జట్టును మొదటి ఏడాదే 24–12తో ఓడించారు. ఆ తర్వాత 1978 దాకా ఆ ఇద్దరి మధ్య సాగిన పదేళ్ళ పోరాటమే ఈ పోటీకి ఇప్పుడున్న ప్రతిష్ఠను తెచ్చిపెట్టింది. గురువు నేర్పిన ఆటను గురువు ఎదుటే ఆడిన ఆ మనిషిని, గురువు విద్యను వదిలేసిన మనిషి అని మనం అనలేం కదా.

కుటుంబాల విషయానికి వస్తే నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మ్యానింగ్ కుటుంబం. ఆర్చీ మ్యానింగ్ 1968 నుంచి 1970 దాకా మిసిసిపీ యూనివర్సిటీకి, అంటే అందరూ ‘ఓల్ మిస్’ అని పిలిచే కాలేజీకి క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి జట్టు ఆటను నడిపించే ఆటగాడు. ఆయన జెర్సీ సంఖ్య 18 కనుక, ఆయన గౌరవార్థం ఆ ఆవరణలో వాహనాల వేగపరిమితినే గంటకు 18 మైళ్ళుగా పెట్టారు. ఆయన భార్య ఒలీవియా కూడా అదే కాలేజీలో చదివారు. పెద్దకొడుకు కూపర్ అక్కడే చేరాడు గాని, వెన్నెముక జబ్బువల్ల ఆట మానుకోవలసి వచ్చింది. ఇక రెండో కొడుకు పేటన్ వంతు వచ్చేసరికి, అతను ఓల్ మిస్‌కే వస్తాడని రాష్ట్రం రాష్ట్రమే ఎదురుచూసింది. 1994లో అతను టెనెసీని ఎంచుకున్నాడు. అభిమానుల కోపమంతా తండ్రి మీదకు మళ్ళింది. కొడుకును ఒప్పించలేకపోయాడని ఆర్చీని నిందించారు. నిర్ణయం పిల్లవాడిదేనని ఆయన నిలబడ్డారు. చిన్నకొడుకు ఈలై తన ఇష్టంతోనే ఓల్ మిస్‌లో చేరాడు. మనవడు ఆర్చ్ ఆ రెండూ కాదని టెక్సస్‌కు వెళ్ళాడు. మూడు తరాలు, మూడు కాలేజీలు. టెనెసీలో 16వ సంఖ్య వేసుకున్న పేటన్, ఆ తర్వాత వృత్తి ఆటగాడై తన జెర్సీ మీద వేసుకున్నది తండ్రి, అన్న ధరించిన 18నే. తండ్రి కాలేజీని కాదన్న కొడుకు తండ్రి సంఖ్యను మాత్రం వీపున మోశాడు.

ఇప్పుడు మీకు చెప్పవలసిన అసలు మాట. మీరు దీన్ని ఇంటి సంప్రదాయం అంటున్నారు. నిజమే, మీ అమ్మాయికి అది సంప్రదాయం. మీకు మాత్రం కాదు. మీ నాన్నగారు మీకు ఒహాయో స్టేట్‌ను అప్పగించలేదు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో, ఇల్లు వదిలి ఒక కొత్త ఊరికి వెళ్ళి, అక్కడి తరగతి గదులను, అక్కడి స్నేహితులను, అక్కడి శనివారాలను మీ అంతట మీరే మీవి చేసుకున్నారు. మీ అమ్మాయి మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌లో చేస్తున్నది అక్షరాలా అదే పని. ఒక జట్టును ప్రాణంగా చూసుకోవడం ఎలాగో తను మీ సోఫాలో మీ పక్కన కూర్చునే నేర్చుకుంది. అది తెలియని ఇంట్లో పెరిగి ఉంటే, మ్యాచ్ రోజున లైబ్రరీలోనే ఉండిపోయేదేమో. ఆ ఫొటోను ఆమె ఇంకెవరికీ కాదు, మీకే పంపిందన్నది కూడా గమనించండి.

ఆ చొక్కా తీసేయమని అడగకండి. అలాగని మీరూ సంతోషం నటించవద్దు. ఆమెకు ఆ నటన ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఒక్క రోజు మీరు ఎదురుపక్షంలోనే ఉండండి, మిగతా శనివారాల్లో ఆమె జట్టు ఎలా ఆడిందో ఫోన్ చేసి అడగండి. ఈ మ్యాచ్ బేసి సంవత్సరాల్లో ఆన్ ఆర్బర్‌లో జరుగుతుంది. ఈసారి అక్కడ జరిగినప్పుడు మీ ఎర్ర చొక్కా వేసుకునే వెళ్ళి ఆమె పక్కన కూర్చోండి. చుట్టూ ఉన్న లక్షమందిలో మీరు పరాయివారు, ఆమె ఆ ఊరి మనిషి. 1998లో మిమ్మల్ని ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని ఆట అర్థమయ్యేలా చెప్పినట్టు, ఆ పూట తను మీకు తన ఊరిని చూపించనివ్వండి.

ప్రశ్న: మేము రెండేళ్ళ క్రితం అలబామా రాష్ట్రానికి వచ్చాం. మా తొమ్మిదేళ్ళ బాబును బడిలో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: నువ్వు అలబామానా, ఆబర్నా? మేమెవరమూ ఈ రెండింటిలోనూ చదవలేదు. మాకు ఏదీ లేదని చెబితే పిల్లలు నమ్మడం లేదట. చదవని కాలేజీకి అభిమాని కావడం అబద్ధం కాదా? వాడికి ఏం చెప్పాలి?
– ఒక తల్లి, బర్మింగ్‌హామ్, అలబామా

జవాబు: ముందుగా, ఆ ప్రశ్న మీ బాబును ఏడిపించడానికి అడిగినది కాదమ్మా. ఆ రాష్ట్రంలో పెద్ద లీగుల వృత్తి జట్టు ఒక్కటీ లేదు, ఫుట్‌బాల్‌లో గాని, బాస్కెట్‌బాల్‌లో గాని, బేస్‌బాల్‌లో గాని. వేరే రాష్ట్రాల్లో నగరాల జట్ల మీదకు పోయే అభిమానమంతా అక్కడ ఈ రెండు కాలేజీల మీదకే వస్తుంది. రెండూ 1893లో మొదటిసారి తలపడ్డాయి. 1907 తర్వాత తగాదాతో ఆగిపోయి నలభై ఏళ్ళు ముఖాలు చూసుకోలేదు. 1948లో మళ్ళీ మొదలైన ఆట ఉక్కు పరిశ్రమకు పేరుపడిన మీ ఊళ్ళోనే దశాబ్దాలపాటు జరిగింది కనుక దానికి ఐరన్ బౌల్ అనే పేరు స్థిరపడింది. పిల్లలు అడిగే ఆ ప్రశ్నకు ‘నువ్వు మాలో ఒకడివేనా’ అని అర్థం చెప్పుకోండి.

చదవని కాలేజీని అభిమానించడం అబద్ధమా అన్నారు. ఇందులో మీకంటే ముందు నడిచినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ ఒక కేథలిక్ యూనివర్సిటీ. 1913లో అంతగా పేరులేని ఆ జట్టు వెళ్ళి, అమెరికా సైనిక అకాడమీ జట్టైన ఆర్మీని బంతి విసిరి అందుకునే ఆటతో 35–13తో ఓడించింది. ఆ పాసులు అందుకున్న నూట్ రాక్నీ నార్వేనుంచి చిన్నతనంలో వలస వచ్చినవాడు, తర్వాత అదే జట్టుకు కోచ్ అయ్యాడు. ఆ రోజుల్లో న్యూయార్కులో కూలిపనులు చేసుకునే ఐరిష్, ఇటాలియన్, పోలిష్ వలస కుటుంబాలు, తమ మతాన్నీ తమ పేర్లనూ చిన్నచూపు చూసే దేశంలో, ఈ జట్టు గెలుపును తమ గెలుపుగా చెప్పుకున్నాయి. వాళ్ళలో కాలేజీ గడప తొక్కినవాళ్ళే తక్కువ. జట్టు న్యూయార్కులో ఆర్మీతో ఆడటానికి వచ్చినప్పుడు వాళ్ళు సబ్‌వే రైలెక్కి మ్యాచ్‌కు వెళ్ళేవాళ్ళు కనుక వాళ్ళను ‘సబ్‌వే పూర్వవిద్యార్థులు’ అన్నారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఈనాటికీ ఆ జట్టునే పట్టుకుని ఉన్నారు. ఇప్పుడు అది చెక్కుచెదరని కుటుంబ సంప్రదాయం. దాని మొదటి తరం మాత్రం మీలాంటివాళ్ళే.

కాబట్టి మీ ఇంట్లో ఈ విషయంలో మొదటి తరం మీ బాబు. ఏ జట్టో మీరు చెప్పకండి. తోటి పిల్లల్లో ఎక్కువమంది ఎటుంటే అటు పొమ్మని సలహా ఇవ్వకండి, ఎక్కువగా గెలిచే జట్టును చూపించడం అంతకన్నా వద్దు. రెండు ఊళ్ళూ దగ్గరే. వీలైతే రెండుచోట్లకూ తీసుకెళ్ళి ఆవరణ చూపించండి, రెండు జట్ల మ్యాచ్‌లూ ఒక సీజనంతా వాడితో కూర్చుని చూడండి. 2013లో చివరి క్షణంలో అలబామా తన్నిన బంతి గోల్‌కు చేరకపోగా, ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని అందుకుని మైదానమంతా పరుగెత్తి 34–28తో గెలిపించిన ఆటను చూపించండి. ఆ పరుగు చూసి వాడు ఎగిరి గంతేస్తాడో, అయ్యో అంటాడో, అదే మీకు జవాబు చెబుతుంది.

ఇంకొక్క సంగతి కూడా వాడికి చెప్పండి. 2010లో అలబామా ఓడిపోయిన తర్వాత ఒక అభిమాని ఆబర్న్ ఊరి కూడలిలో ఆ జట్టు పండగ చేసుకునే పాత ఓక్ చెట్లకు విషం పెట్టాడు; వాటిని కాపాడలేక 2013లో కొట్టేశారు. ఆ చెట్లకోసం చందాలు పోగుచేసినవాళ్ళలో అలబామా అభిమానులూ ఉన్నారు. వాడు ఏ పక్షం ఎంచుకున్నా, చందాలిచ్చినవాళ్ళ పక్షాన పెరగాలి.

ప్రశ్న: నాకు పదహారేళ్ళు. మా నాన్న డ్యూక్‌లో చదివారు, మా అన్నయ్య ఇప్పుడు నార్త్ కరొలైనాలో చదువుతున్నాడు. రెండు జట్ల బాస్కెట్‌బాల్ మ్యాచ్ వచ్చిందంటే ఇంట్లో గొడవే. రిఫరీ ఏం చేసినా ఒకరికి న్యాయం, ఇంకొకరికి అన్యాయం. ఇద్దరూ ఒకే టీవీ చూస్తున్నారు కదా, వేరువేరు ఆటలు ఎలా కనిపిస్తున్నాయి? నేను కూడా ఒక పక్షం తీసుకోవాలా?
– ఒక విద్యార్థిని, డరమ్, నార్త్ కరొలైనా

జవాబు: తల్లీ, నీ ప్రశ్న ఇద్దరు పండితులు ఇదివరకే అడిగిన ప్రశ్న. 1951లో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య ఒక మొరటు ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. ప్రిన్స్‌టన్ ప్రధాన ఆటగాడికి ముక్కు విరిగింది, డార్ట్‌మత్ ఆటగాడొకరికి కాలు విరిగింది. తర్వాత ఆ రెండు కాలేజీల విద్యార్థులకూ ఒకే ఫిల్మును చూపించి, ఎవరు ఎన్ని తప్పులు చేశారో లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ ఆటగాళ్ళు చేసిన తప్పులు సొంత విద్యార్థులకు కనిపించినవాటికంటే రెట్టింపుకు మించి ప్రిన్స్‌టన్ విద్యార్థులకు కనిపించాయి. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. 1954లో ఈ ఫలితాలను ప్రకటించిన హేస్టార్ఫ్, క్యాంట్రిల్ అన్నదేమిటంటే, అక్కడ అందరూ చూసిన ‘ఒకే ఆట’ అనేది అసలు లేనేలేదని. మీ నాన్నగారూ అన్నయ్యా నిజంగానే రెండు ఆటలు చూస్తున్నారు.

ఇలాంటిదే ఇంకొక పరిశోధన 1976లో రాబర్ట్ చియాల్డినీ బృందం ప్రకటించింది. ఏడు యూనివర్సిటీల్లో గమనిస్తే, శనివారం జట్టు గెలిచిందంటే సోమవారం కాలేజీ పేరున్న చొక్కాలు ఎక్కువగా కనిపించాయి. ఫోన్‌లో అడిగినప్పుడు గెలిచిన ఆట గురించి ‘మేము గెలిచాం’ అనీ, ఓడిన ఆట గురించి ‘వాళ్ళు ఓడిపోయారు’ అనీ చెప్పే పోకడ కనిపించింది. అంతకు ముందు ఇచ్చిన చిన్న పరీక్షలో తప్పానని అనుకున్నవాళ్ళలో ఈ ‘మేము’ మరింత ఎక్కువ. ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు, జాలి కలిగింది. మనసు కుంగిన రోజున మనిషి ఇంకొకరి గెలుపు కిందకు వెళ్ళి నీడ వెతుక్కుంటాడు. నాన్నగారు ఆఫీసులో కష్టమైన వారం గడిపి వచ్చిన శనివారం ఎక్కువగా అరుస్తున్నారేమో ఒకసారి గమనించు.

పక్షం తీసుకోవడం నీ విధి కాదు. ఆ రెండు కాలేజీల మధ్య దూరం పది మైళ్ళే, కాబట్టి ఆ ఊళ్ళో ఎవరూ ఊరికే ఉండనివ్వరని నాకు తెలుసు. అయినా నాన్న మీద ప్రేమతో డ్యూక్ అనడమూ, అన్నయ్య మీద ముచ్చటతో కరొలైనా అనడమూ రెండూ నీకు అక్కరలేదు. నువ్వు రేపు ఏ కాలేజీకి వెళతావో, అసలు ఆటలు నీకు ఇష్టమో కాదో తేలేదాకా, ఇద్దరి మధ్యా కూర్చుని చూడు. ఒక్క నియమం మాత్రం పెట్టు: మ్యాచ్ అయిన తర్వాత ఓడినవాళ్ళు నోరు విప్పేదాకా గెలిచినవాళ్ళు మాట్లాడకూడదు. 2022లో ఈ రెండు జట్లూ జాతీయ టోర్నమెంటులో మొదటిసారి ఎదురుపడి, నార్త్ కరొలైనా 81–77తో గెలిచింది. డ్యూక్ కోచ్ షెషెఫ్‌స్కీకి అదే ఆఖరి మ్యాచ్. అలాంటి రాత్రి మీ ఇంట్లో మళ్ళీ వస్తే, ఆ నియమం అన్నయ్యకు కూడా పనికొస్తుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్ళుగా మా ఇల్లంతా ఓక్లహోమా స్టేట్ అభిమానులం. ఇప్పుడు ఆటగాళ్ళు ఏటా కాలేజీలు మారుతున్నారు, డబ్బు తీసుకుంటున్నారు. మా పెద్ద ప్రత్యర్థితో ఏటా జరిగే ఆట కూడా పోయింది. ఆటగాళ్ళకూ కాలేజీలకూ లేని నిబద్ధత మాకెందుకు? మా పిల్లలకు దీన్ని అప్పగించడంలో అర్థం ఉందా?
– ఒక పాఠకుడు, తుల్సా, ఓక్లహోమా

జవాబు: మీ కోపంలో సగం నాకూ ఉంది. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ జట్లు 1910 నుంచి 2023 దాకా ఒక్క ఏడాదీ తప్పకుండా ఆడాయి. రెండు ప్రపంచ యుద్ధాలు ఆపలేని ఆటను టీవీ ఒప్పందాల వెంట సాగిన లీగుల మార్పిడి ఆపేసింది. 2024లో ఓక్లహోమా, టెక్సస్ కలిసి ఎస్.ఇ.సి. అనే వేరే లీగుకు వెళ్ళిపోయాయి. అదే ఏడాది లాస్ ఏంజలస్ జట్లు న్యూజెర్సీ దాకా విస్తరించిన 18 కాలేజీల బిగ్ టెన్ లీగులో చేరాయి. తాతలనాటినుంచి ఒక ప్రాంతంలో అల్లుకున్న బంధాలను ఇలా తెంచినవాళ్ళు, ఆ బంధాలనే టికెట్ల రూపంలో మళ్ళీ మనకు అమ్ముతున్నారు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఆటగాళ్ళ విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. కోచ్‌లు కోట్ల డాలర్ల జీతాలకు ఎప్పుడు పడితే అప్పుడు ఊరు మారుతున్న రోజుల్లో, కాలేజీ మారిన ఆటగాడు మాత్రం ఒక ఏడాది మైదానం బయట కూర్చోవాలన్న నియమం ఉండేది. 2018లో కాలేజీ మారదలచిన ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021లో ఒకసారికి ఆ శిక్ష లేకుండా చేశారు, అదే ఏడాది జులై 1 నుంచి తమ పేరుతో, ముఖంతో సంపాదించుకునే హక్కు ఆటగాళ్ళకు దక్కింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కొక్క కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు మన ఇంటి సంప్రదాయంకోసం తన నాలుగేళ్ళనూ తాకట్టు పెట్టాలని కోరే హక్కు మనకు ఎప్పుడూ లేదు.

కాలేజీలు కూడా వారసత్వాన్ని అంతగా పట్టించుకున్న దాఖలాలు లేవు. ఇప్పుడు బాస్కెట్‌బాల్‌లో ప్రపంచమంతా ఎరిగిన స్టెఫెన్ కరీ తండ్రి డెల్ కరీ వర్జీనియా టెక్ బాస్కెట్‌బాల్‌లో మహామహుడు. తల్లి సోన్యా అక్కడే వాలీబాల్ ఆడారు. కొడుకు అక్కడే ఆడాలనుకున్నాడు. సన్నగా, పొట్టిగా ఉన్నాడని వాళ్ళు స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. అతను డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీకి వెళ్ళి, 2008లో ఆ జట్టును జాతీయ టోర్నమెంటులో చివరి ఎనిమిది జట్లలో నిలబెట్టాడు. సంప్రదాయాన్ని ఆ ఇల్లు పాటించాలనుకుంది, కాలేజీ పాటించలేదు.

అయితే పిల్లలకు ఏం అప్పగించాలి? నా ఉద్దేశంలో సీట్లు అప్పగించండి, తీర్పులు కాదు. నెబ్రాస్కాలో 1962 నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్‌కు స్టేడియం టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి, జట్టు బాగా ఆడినా ఆడకపోయినా. అదే స్టేడియం మధ్యలో 2023 ఆగస్టు 30న అమ్మాయిల వాలీబాల్ మ్యాచ్ పెడితే 92,003 మంది వచ్చారు. తాతల కాలం నుంచి ఒకే చోట కూర్చునే అలవాటున్న కుటుంబాలకు కూతుళ్ళూ మనవరాళ్ళూ కొత్త ఆటను చూపించారు. మీ పిల్లలకు కుస్తీయో, సాఫ్ట్‌బాలో నచ్చితే వెంట వెళ్ళండి; ఓక్లహోమా స్టేట్ కుస్తీ జట్టు చరిత్ర ముందు ఫుట్‌బాల్ చరిత్ర చిన్నదని మీకూ తెలుసు. పిల్లలు అసలు వద్దన్నా, మీరు మీ ఇరవై ఏళ్ళను వెనక్కి తీసుకోవలసిన పని లేదు. ఆ ఇరవై ఏళ్ళూ మీరు గడిపింది కాలేజీ పాలకమండలితో కాదు, ఇంట్లోవాళ్ళతో.

ప్రశ్న: టెక్సస్ ఏ అండ్ ఎంలో డిగ్రీ చదివాను. ఇప్పుడు ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీలో పిహెచ్.డి. చేస్తున్నాను. రెండు జట్ల మ్యాచ్ మళ్ళీ మొదలైంది. పాత స్నేహితులు ద్రోహి అంటున్నారు, ల్యాబులో వాళ్ళు గూఢచారి అంటున్నారు. ఎటుండాలి?
– ఒక పరిశోధక విద్యార్థి, ఆస్టిన్, టెక్సస్

జవాబు: 2011 తర్వాత ఆగిపోయి 2024లో మళ్ళీ మొదలైన ఆట అది, పదమూడేళ్ళ ఆకలి మీద ఉన్నవాళ్ళ మాటలను పట్టించుకోకండి. నా అభిప్రాయం అడిగారు కనుక చెబుతున్నాను: మనసులో మొదట నాటుకున్నది పద్దెనిమిదేళ్ళ వయసులో మ్యాచ్ పొడుగునా కూర్చోకుండా నిలబడి చూసిన జట్టే అయితే, ఆ ఒక్క రోజు అటే నిలబడండి, మిగతా సీజనంతా ఆస్టిన్ జట్టు బాగుండాలని కోరుకోండి. పిహెచ్.డి. అయ్యేసరికి మీ మనసు మారితే, అప్పుడు మారండి. ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

రెండు పక్షాలనూ కలిపి మనసులో ఉంచుకోవడం సాధ్యమేనా అని మీకు అనుమానం ఉంటే, 1999 సంగతి మీ రెండు కాలేజీల పాతవాళ్ళనూ అడగండి. ఆ నవంబరు 18న ఏ అండ్ ఎం విద్యార్థులు ఈ మ్యాచ్‌కోసమే ఏటా పేర్చే దుంగల మంట కట్టడం కూలి 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. ఎనిమిది రోజుల తర్వాత మ్యాచ్ జరిగింది. విరామంలో మైదానంలోకి వచ్చిన టెక్సస్ బ్యాండు ప్రత్యర్థి కాలేజీ పిల్లలకోసం సంతాప గీతాలు వాయించి, తలల మీది టోపీలు తీసి నిలబడింది.